సూర్యాపేట శ్రోతల సంఘం

"మైకు ముందట నోరు జారితే ఏమైద్దో బిడ్డా" అన్నాను. "ఇంట్ల అన్న మాట ఇంట్లనే పడి ఉంటది. గాలిల ఇడిసిన మాటను మల్ల ఎవరు పట్టుకొస్తరు?"

నవ్య బట్టల సంచికి జిప్పు లాగుతూ నవ్వింది. ఉగాది వెళ్లిన మరుసటి వారం అది. మిర్యాలగూడలో ఏదో ట్రస్టువాళ్లు చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల వరకే వినిపించే స్టేషన్. అందులో మాట్లాడే పని దొరికింది మా పిల్లకు. డిగ్రీ చదివి ఇంట్లో కూచున్న పిల్లకు పని దొరికితే తల్లి సంతోషపడాలి. నాకు సంతోషం కంటే ముందు భయం వస్తుంది. నా తీరే అంత. బస్సెక్కితే బస్సు బోల్తా పడుతుందని, తలనొప్పి అంటే తలలో గడ్డ లేచిందని అనుకునే మనిషిని.

గడప మీద కూచుని కూలర్ పంపు విప్పుతున్న మా ఆయన కొండల్ తలెత్తకుండానే అన్నాడు. "గీ 'ఏమైద్దో'ను ఎప్పుడు ఇడుస్తవే నర్సమ్మా? గిన్నేండ్లాయె సూర్యాపేటకొచ్చి. గీడ 'ఏమైతదో' అంటరు."

నేను కోదాడలో పుట్టినదాన్ని. మా దగ్గర మాటకు కృష్ణ అవతలి గాలి కొంచెం తగిలి ఉంటుంది. ఎట్లా అన్నా భయం ఒకటే కదా అన్నాను.

"మరి ఒక్క తీరుగనే భయపడు. రెండు దిక్కుల ఎందుకు" అన్నాడు.

నవ్య మంచం మీద కూలబడి నవ్వింది. ఆయన కూడా పంపు పక్కన పెట్టి నవ్వాడు. ఆ ఎండాకాలంలో తండ్రీ బిడ్డలు కలిసి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మా ఇంట్లో రేడియో ఆగదు. ఆయనకు కొత్త బస్టాండు వెనక చిన్న దుకాణం ఉంది. బోర్డు మీద ఇప్పటికీ రేడియో, ట్రాన్సిస్టర్ రిపేరు అనే ఉంటుంది గాని, రేడియో చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు లేరు. ఎండాకాలం కూలర్లు, మిగతా కాలం మిక్సీలు, ఫ్యాన్లు. చేతిలో ఏ పని ఉన్నా చెవి మాత్రం రేడియో దగ్గరే. దుకాణంలో ఒకటి, ఇంట్లో ఒకటి మోగుతూ ఉండాలి. నాకు గోడ గడియారం చూసే అలవాటే పోయింది. రైతుల కార్యక్రమం మొదలైతే పాలు పొంగించాలి, ప్రాంతీయ వార్తలు వస్తే ఎసరు పెట్టాలి. అట్లా గడిచింది సంసారం.

పెళ్లయిన కొత్తలో మాకు వచ్చిన మొదటి తగాదా కూడా రేడియో ముల్లు గురించే. కోదాడలో మాకు విజయవాడ కేంద్రం గుడిగంట కొట్టినట్టు వినిపించేది. మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమం, ఆదివారం నాటిక వింటూ పెరిగాను. నాటికలో ఎవరైనా దగ్గితే ఇక వాళ్లు చచ్చిపోతారేమోనని ముందే ఏడ్చేదాన్నట, మా అమ్మ చెప్పేది. సూర్యాపేటకు వస్తే ఈయన ముల్లును హైదరాబాద్ మీద నుంచి కదలనిచ్చేవాడు కాదు. హైదరాబాద్ వాళ్ల జానపదాల ముందు ఇంకేదీ పాట కాదనేవాడు. నేను తిప్పితే ఆయన మళ్లీ తిప్పేవాడు. ఒకరోజు నా గోళ్లరంగు సీసా తీసి, రేడియో అద్దం మీద విజయవాడ తగిలే చోట ఒక ఎర్ర చుక్క పెట్టాడు.

"ఇగో, ఇది నీ తల్లిగారిల్లు. నేను దుకాణంకు పోంగనే గీడికి పో. నేనొచ్చే యాళ్లకు అత్తగారింటికి రావాలె" అన్నాడు.

రంగు కొంచెం నల్లబడింది గాని ఆ చుక్క ఇప్పటికీ ఉంది.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. కోరిన పాటల కార్యక్రమానికి కార్డులు రాయడం. పాటకు ముందు అడిగినవాళ్ల ఊరూ పేర్లూ వరసగా చదువుతారు కదా, పాట కంటే ఆయనకు ఆ వరసే ఇష్టం. "సూర్యాపేట నుంచి కొండల్, వెంకటనర్సమ్మ, లింగస్వామి" అని హైదరాబాద్ నుంచి వినిపించిన రోజు, కస్టమర్లు తిట్టినా నవ్వేవాడు. ఆయనా, టీ కొట్టు లింగస్వామీ కలిసి శ్రోతల సంఘం పెట్టారు. లింగస్వామి సెక్రటరీ, ఈయన ప్రెసిడెంటు. మొదట్లో నిజంగానే చాలామంది ఉండేవాళ్లు, నెలకోసారి దుకాణం ముందు బల్లలు వేసుకుని కూచునేవాళ్లు. తర్వాత టీవీలు, ఫోన్లు వచ్చాయి, సంఘంలో పేరు తప్ప ఏమీ మిగల్లేదు. కాని బజారులో ఇప్పటికీ ఆయన్ను ప్రెసిడెంటనే పిలుస్తారు. ఏ ఎన్నికలోనూ నిలబడని మనిషికి ఆ పిలుపు ఎంత తీపో నాకు తెలుసు. ఎవరైనా "ఓ ప్రెసిడెంటు సాబ్" అంటే చొక్కా సర్దుకుని తిరిగి చూస్తాడు.

నవ్యకు ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఇచ్చారు. పాత రేడియో ముచ్చట్లు. హైదరాబాద్, విజయవాడ, కొత్తగూడెం, ఎవరింట్లో ఏ స్టేషన్ మోగేది, ఎవరి కార్డు చదివారు, ఏ పాట కోసం ఎదురుచూశారు, వినేవాళ్లు ఫోన్ చేసి చెప్పుకోవాలి. ఆ ఊహ తండ్రి దగ్గర నుంచే వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. మిర్యాలగూడ స్టేషన్ సూర్యాపేట దాకా రాదు కాబట్టి నా ఫోన్‌లో ఏదో నొక్కి, ఇక్కడ ఒత్తితే నేను వినిపిస్తానమ్మా అని చూపించి వెళ్లింది. ఆయన ఆ ఫోన్‌ను చేత్తో ముట్టలేదు. ముల్లు లేదు, తీగ లేదు, గరగర లేదు, అదేం రేడియో అన్నాడు. అన్నాడే గాని ఆ శనివారమంతా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ తన బిడ్డ రేడియోలో మాట్లాడుతుందని చెప్పుకున్నాడు.

మొదటి ఆదివారం ఆయన కూలర్ల మధ్య దుకాణంలో ఉన్నాడు. నేను ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి మామిడికాయలు కోస్తున్నాను. నవ్య గొంతు వచ్చింది. ఇంట్లో ఉండే గొంతు కాదు. "నమస్కారమండీ" అంటోంది, అచ్చం మా విజయవాడ కేంద్రం వాళ్లలాగా. ఫోన్ నంబరు చెప్పింది. ఒక పాట వేసింది. మళ్లీ నంబరు చెప్పింది. ఎవరూ చేయలేదు. పిల్ల గొంతులో వణుకు నాకు తెలిసిపోయింది. గంటను ఏదో ఒకదానితో నింపాలి, చేతిలో ఏమీ లేదు. అప్పుడు ఇంటి ముచ్చట తీసింది.

"మా నాన్నగారు సూర్యాపేట శ్రోతల సంఘం అధ్యక్షులండీ" అంది. "సంఘంలో సభ్యులెంతమందో తెలుసా, మా నాన్న ఒక్కరే. ఎక్కువ పేర్లున్న కార్డు ముందు చదువుతారని, రిపేరుకొచ్చిన రేడియోలవాళ్ల పేర్లన్నీ రాసేవారు. పుష్పాబాయి, బాలాజీ, లింగ్యా. వాళ్లెవరో మాకు తెలీదు. ఆ పేర్లూ అయిపోయాక మా పెరట్లో కట్టేసిన బర్రె పేరు కూడా రాశారు. ఒకరోజు హైదరాబాద్ కేంద్రం అక్కయ్యగారు ఎంతో మర్యాదగా చదివారండీ. సూర్యాపేట నుంచి కొండల్, వెంకటనర్సమ్మ, నవ్య, శ్రీమతి గంగ."

నేను నవ్వాను. కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాను. ఆ రోజు నాకు గుర్తుంది. ఈయన రేడియో వదిలి పెరట్లోకి పరిగెత్తి, మేత వేస్తూ గంగతో "నీ పేరొచ్చిందే" అని చెప్పాడు. చిన్న నవ్య దాని మెడ పట్టుకుని గెంతింది. గంగను అమ్మేసి ఎన్నేళ్లయిందో.

నవ్వుతూనే ఫోన్ వైపు చూశాను. ఈ మాట ఇంట్లోది. ఇప్పుడు గాలిలో ఉంది.

ఎవరో ఆ ముక్కను కోసి వాట్సాప్‌లో పెట్టారు. సాయంత్రానికల్లా లింగస్వామి టీ కొట్టులో ప్రతి ఫోన్‌లో నవ్య గొంతే. ప్రెసిడెంటు సాబ్, మీ సంఘం మీటింగుకు గడ్డి ఎంత తేవాలె అని ఒకడు, మెంబర్‌షిప్‌కు పాలిస్తే చాలా, పేడ గూడ ఇయ్యాల్నా అని ఇంకొకడు. తర్వాత లింగస్వామే నాకు చెప్పాడు. ఆయన గ్లాసులో టీ అట్లాగే ఉంచి లేచి వచ్చేశాడట.

ఇంటికొచ్చి చెప్పులు విడిచాడు. రేడియో ప్లగ్గు పీకాడు. తువ్వాలలో చుట్టి సజ్జ మీద పెట్టాడు. అన్నం వడ్డిస్తుంటే ఒక్క మాట అన్నాడు.

"అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

అంతే. ఆ తర్వాత బిడ్డ పేరు ఆయన నోట రాలేదు. రాత్రి అది ఫోన్ చేసి నాన్నకియ్యమ్మా అంటే, ఆయన చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి అదీ అడగడం మానేసింది.

రేడియో లేని ఇంట్లో నేను ఎప్పుడూ ఉండలేదు. తలనొప్పి వస్తుందని ఎన్నిసార్లు తిట్టుకున్నానో, ఇప్పుడు ఆ తలనొప్పి కోసం వెతుక్కున్నాను. వార్తలు రాక అన్నం మాడింది. పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. ఎండలు ముదిరాయి. వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేసి మోరీ పక్కన పడుకున్నాయి. ఆయన దుకాణం నుంచి కూలర్లు ఇంటికే తెచ్చుకుని విప్పేవాడు. ఊళ్లో అందరి కూలర్లూ మా వాకిట్లో పెద్ద చప్పుడుతో తిరిగేవి, మనిషి మాత్రం మాట్లాడడు. బీపీ గోలీ వేసుకున్నాడా లేదా అని రేకును వెలుతురుకు పెట్టి చూసేదాన్ని. పడుకున్నాక ఛాతీ లేచి పడుతుందా అని చూసేదాన్ని. లోపల కుమిలిపోయే మనుషులకు గుండె పట్టేస్తుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు, మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌ను పొయ్యి గట్టు కిందికి వంచుకుని, సౌండు తగ్గించుకుని వినేదాన్ని. నవ్య నంబరు చెబుతుంది, పాట వేస్తుంది, మళ్లీ నంబరు చెబుతుంది. ఎవరూ చేయరు. ఇంటి ముచ్చట మాత్రం మళ్లీ ఎప్పుడూ తీయలేదు.

పచ్చళ్ల రోజుల్లో ఒక శుక్రవారం నవ్య వచ్చింది. చిక్కిపోయింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల దుమ్ముకు దగ్గు పట్టిందంది. దగ్గు అనగానే నేను ఇంకెటో పోయాను, అది వేరే సంగతి. వాకిట్లో ఆయన కూలర్ మోటారుకు కొత్త రాగి తీగ చుడుతున్నాడు. నవ్య వెళ్లి ఎదురుగా కూచుంది. టీ తాగుతావా నాన్నా అంది. ఆయన నా వైపు చూసి, టీ వద్దని ఆమెకు చెప్పు అన్నాడు.

ఎదురుగా కూచున్న పిల్లకు నేను చెప్పాలట. చెప్పాను. ఏం చేయను.

"నేను మెచ్చుకుంటనే చెప్పిన నాన్నా" అంది నవ్య. "నిన్ను నవ్వులపాలు చెయ్యాలని కాదు. ఎవ్వరు ఫోన్ చేస్తలేకుంటె ఏం చెప్పాల్నో తెల్వలే. నాకున్న మంచి ముచ్చట అదొక్కటే."

తీగ చుట్టే చెయ్యి ఆగింది. ఆయన ఈసారి నా వైపు కూడా చూడలేదు, మోటారుతోనే మాట్లాడాడు.

"ఎక్కువ పేర్లుంటె ముందుగల సదువుతరని రాసిన్నట. ఎవరు చెప్పిండ్రో అడుగు ఆమెను. సంఘంల మంది ఒక్కొక్కలు పోయిండ్రు. కార్డు మీద మూడు పేర్లే ఉంటె ఆ సదివేటామె ఏమనుకుంటది? సూర్యాపేటల ఇంక ఎవ్వలు ఇంటలేరు అనుకుంటది. ఊరి పేరే సదవకపోతుండె. అందుకని రాసిన. మనుషులు దొరకకుంటె బర్రెను రాసిన."

నేను కారం కలుపుతున్న చేతులతో నిలబడ్డాను. ఇన్నేళ్లు కాపురం చేసి నేను కూడా ఆ కారణం అడగలేదు, ఆయనా చెప్పలేదు. సరదాకు రాశాడనే అనుకున్నాను.

సాయంత్రం బస్సుకు బయల్దేరే ముందు వంటింట్లో నాతో మెల్లగా చెప్పింది. స్టేషన్ చూసుకునే రంగనాయకమ్మ మేడం మంచిదే గాని, వానలు పడే లోపల ఒక్క ఫోనన్నా రాకపోతే ఆ గంట తీసేస్తామంది. ఆ గంటతో పాటు తననూ. జూన్ మొదటి ఆదివారం ఆఖరు. "వినేటోళ్లే లేరమ్మా. ఒట్టి గోడకు చెప్తున్నట్టుంటది" అంది. పచ్చడి సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. వాకిట్లో కూలర్ ఆపి ఉంది. ఆయనకు ఈ మాటలు వినిపించాయో లేదో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

తర్వాతి ఆదివారం అన్నం తిని, పని ఉందని స్కూటర్ తీశాడు. ఆ ఎండలో, ఆ వేళకు ఏం పని. పొద్దు వాలాక వచ్చాడు, ప్యాంటుకు పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి. ఆ పై ఆదివారం కూడా అంతే. ఈసారి చూశాను, మోటార్లకు చుట్టే రాగి తీగ ఒక చుట్ట సంచిలో పెట్టుకున్నాడు. ఎవరింట్లోనో మోటారు రిపేరేమో అనుకుందామన్నా, పానాలూ స్క్రూ డ్రైవర్లూ ఇంట్లోనే ఉన్నాయి. ఒట్టి తీగతో మనిషి ఎక్కడికి పోతాడు?

వారమంతా నాకు ముద్ద దిగలేదు. జూన్ మొదటి ఆదివారం వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. అన్నం తిని ఆయన స్కూటర్ తీసి వెళ్లిపోయాడు. నేను పచ్చడి జాడీ కోసం సజ్జ మీదికి చెయ్యి పెట్టాను. తువ్వాల తగిలింది, మెత్తగా. లోపల రేడియో లేదు.

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా లింగస్వామి కొట్టుకు పరిగెత్తాను. కొండలన్నను పోయిన వారం పెన్‌పహాడ్ తొవ్వల కాలువ కాడ సూసిన వదినా అన్నాడు. రేడియో, తీగ, కాలువ. ఈ మూడూ కలిపి నా బుర్ర ఏం అల్లిందో చెప్పలేను. బండి తియ్యి తమ్మీ అని మాత్రం అన్నాను. నా మొహం చూసి లింగస్వామి పాల గిన్నె మీద మూత కూడా పెట్టలేదు.

దారంతా లింగస్వామే మాట్లాడాడు. ఆ రోజు టీ కొట్టులో అందరికంటే ముందు నవ్వింది నేనే వదినా అన్నాడు. నేను సెక్రటరీని గద, నా పేరు గూడ ఆ కార్డుల మీద ఉండె, అయినా నవ్విన అన్నాడు. పొలాలు ఎండి పగుళ్లు తేలి ఉన్నాయి. వాన ఇంకా రాలేదు, వాసన మాత్రం ఎక్కడి నుంచో వస్తోంది.

కాలువ గట్టు మీద స్కూటర్ కనిపించింది. మనిషి కోసం నీళ్లలోకే చూశాను ముందు. లింగస్వామి నా భుజం తట్టి పైకి చూపించాడు. గట్టు మీద తుమ్మ చెట్టు కొమ్మకు రాగి తీగ వేలాడుతోంది. మబ్బు వెలుతురులో మెరుస్తూ కిందికి దిగింది. దాని కొస పట్టుకుని కళ్లతో వెళితే రేడియో. రేడియో ఆయన ఒళ్లో ఉంది, బ్యాటరీలు వేసుకొచ్చాడు. ఆయన దాని మీదికి వంగి, చెవి పెట్టి కూచున్నాడు.

నేను గట్టెక్కుతుంటే తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు, కోపం కూడా పడలేదు.

"జర మెల్లగ నడువు. అటు ఇటు కదిలితె పోతది" అన్నాడు.

ఇసుక వేయించినట్టు గరగర. ఆ గరగర లోపల, చాలా లోపల, నా బిడ్డ గొంతు. నమస్కారమండీ అంటోంది. మిర్యాలగూడ గాలి సూర్యాపేట దాకా రాదు కాబట్టి ఆయనే గాలికి ఎదురు వచ్చాడు. ఎక్కడ దొరుకుతుందో రోడ్డు పొడవునా వెతుక్కుంటూ వచ్చి, ఈ గట్టు మీద తీగ కట్టి పట్టుకున్నాడు. నేను పక్కన కూలబడ్డాను. ఏడుపు వచ్చిందా అంటే రాలేదు. ఒంట్లో ఓపిక లేదు. మోకాళ్లు పట్టుకుని కూచున్నాను. అప్పుడు చూశాను రేడియో అద్దం. పై వరసలో నా పాత ఎర్ర చుక్క, నల్లబడింది. కింది వరసలో ఇంకో చుక్క ఉంది. కొత్తది. నవ్య వదిలేసి వెళ్లిన సీసాలోది అయి ఉంటుంది, తడి ఆరనట్టే మెరుస్తోంది.



నవ్య నంబరు చెప్పింది. ఒక పాత పాట వేసింది. పాట సగం గరగరలో పోయింది. మళ్లీ నంబరు చెప్పింది. ఈసారి మెల్లగా, ఒక్కో అంకె విడదీసి, రాసుకునేవాళ్లకు చెప్పినట్టు. తర్వాత ఏమీ రాలేదు. స్టేషన్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు. పిల్ల ఊరికే కూచుంది మైకు ముందర. కాలువలో నీళ్ల చప్పుడూ, దాని ఊరుకోవడమూ కలిసిపోయాయి.

"ప్రతివారం గింతే" అన్నాడు ఆయన. "ఒక్కడు చేస్తలేడు."

"ఇయ్యాల ఆఖరట" అన్నాను.

"ఎరుకే. ఆ దినం నేనేం చెవిటోన్ని కాదు."

లింగస్వామి గట్టు కింద నుంచి వచ్చి నిలబడ్డాడు. కొంగలాగా ఒక కాలి మీద నిలబడి చెప్పులోంచి ముల్లు తీసుకుంటున్నాడు. ఆయన అతని వైపు చెయ్యి చాపాడు.

"సెక్రటరీ. నీ ఫోన్ ఇయ్యి. నా నంబరైతె ఆమెకు తెలుస్తది."

"నేనింక సంఘంల ఉన్ననా అన్నా?" అన్నాడు లింగస్వామి.

"ఫోన్ ఇస్తె ఉంటవు."

రేడియోలో నవ్య మూడోసారి చెబుతున్న నంబరును ఆయన అంకె అంకెగా నొక్కాడు. చెవికి పెట్టుకోకుండా స్పీకర్ నొక్కి ముందు పట్టుకున్నాడు. రేడియో తగ్గియ్యి, లేకుంటె కూత పెడతది అన్నాడు నాతో. నేను ముల్లు కదలకుండా, ఎర్ర చుక్క మీద నుంచి ఇంతైనా జరగకుండా, సౌండు చక్రం మాత్రం వెనక్కి తిప్పాను. గరగర ఆగిపోయింది. ఫోన్ మోగుతోంది. అవతల ఎవరో ఎత్తారు, ఆగండి కలుపుతున్నాం అన్నారు, ఆడ గొంతు, తడబడుతూ. వాళ్లకు కూడా ఫోన్ రావడం అలవాటు లేదు పాపం.

ఆ తర్వాత నవ్య వచ్చింది. గరగర లేకుండా, పక్కనే ఉన్నట్టు.

"నమస్కారమండీ. చెప్పండి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు? మీతో పాటు ఎవరెవరు వింటున్నారు?"

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ మొదటి ఆదివారం నుంచి మూసుకుపోయిన మాట ఒక్కసారిగా ఎట్లా వస్తుంది. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"హలో" అంది నవ్య. "వినిపిస్తోందా అండీ?"

లింగస్వామి చేతులతో సైగ చేస్తున్నాడు, మాట్లాడు మాట్లాడు అని. నాకు పెట్టేస్తాడనే అనిపించింది. పెట్టేస్తే ఇక ఇద్దరూ చచ్చేదాకా మాట్లాడుకోరనీ, దాని ఉద్యోగం పోతుందనీ, అది ఇంటికి కూడా రాకుండా ఎటో వెళ్లిపోతుందనీ, అన్నీ వరసగా వచ్చాయి. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుందామనుకున్నాను. కదిలితే పోతుందేమోనని పట్టుకోలేదు.

కాలువ అవతల గట్టు మీద ఎవరో గొర్రెలను తోలుకుపోతున్నారు. అవి అన్నీ దాటిపోయేదాకా ఆయన ఫోన్ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో నవ్య ఊపిరి వినిపిస్తోంది. లైన్ కట్ అయిందని చెప్పి పాట వేసుకోవచ్చు అది. వేయలేదు. ఆగింది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ విజయవాడ గొంతు పోయింది, మా వాకిట్లో గొంతు వచ్చింది.

"ఎవరెవరు ఇంటున్నరు?" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సూర్యాపేట నుంచి" అన్నాడు, అచ్చం హైదరాబాద్ కేంద్రం వాళ్లు చదివినట్టు, ఒక్కో పేరు దగ్గర ఆగుతూ. "కొండల్, వెంకటనర్సమ్మ, లింగస్వామి, పుష్పాబాయి, బాలాజీ, లింగ్యా."

ఆయన నా వైపు చూశాడు, తర్వాత రేడియో వైపు చూశాడు.

"ఇంక" అన్నాడు, "శ్రీమతి గంగ."